రెండు పరమాణువుల జంటలు: ఉక్కు పట్టణం భిలాయ్ చెప్పే రసాయన పాఠం

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు పట్టణం భిలాయ్. అక్కడి నివాస ప్రాంతాల్లో స్మృతి నగర్ ఒకటి. ఆ కాలనీలో ఎవరైనా ఉదయాన్నే వాకిట్లో నిలబడి గుండెల నిండా గాలి పీల్చుకుంటే, ఆ గాలిలోని తేమను పక్కన పెట్టి లెక్కిస్తే, ప్రతి వంద అణువుల్లో సుమారు 99 ఒకే కోవకు చెందుతాయి. అవన్నీ రెండేసి పరమాణువులు జతకట్టి ఏర్పడినవి. 78 నైట్రోజన్ అణువులు, 21 ఆక్సిజన్ అణువులు. మిగిలిన ఆ ఒక్కటీ ఎక్కువగా ఒంటరి పరమాణువుగా తిరిగే ఆర్గాన్.

అదే పట్టణంలోని భిలాయ్ ఉక్కు కర్మాగారాన్ని నడిపించేవి కూడా ఇలాంటి జంటలే. సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మించిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ కర్మాగారం చుట్టూనే స్థిరపడ్డాయి. ఇక్కడ ముడి ఇనుమును ఇనుముగా, ఇనుమును ఉక్కుగా, ఉక్కును రైలు పట్టాలుగా మార్చే దారిలో నాలుగు చిన్న అణువులు ఎదురవుతాయి. అవి ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్. నాలుగింటికీ రంగు లేదు, వాసన లేదు. ఒకటి ప్రాణం నిలుపుతుంది, ఒకటి తీస్తుంది, ఒకటి దేనితోనూ అంత సులువుగా కలవదు, ఒకటి ఉక్కు లోపలికి దూరి పగుళ్లు తెస్తుంది. రెండే రెండు పరమాణువులున్న అణువుల మధ్య ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ద్విపరమాణుక అణువుల పాఠమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

ద్విపరమాణుక అణువు అంటే?

రెండు పరమాణువులు రసాయన బంధంతో కలిసి ఏర్పడిన అణువే ద్విపరమాణుక అణువు. ఆ రెండూ ఒకే మూలకానివైతే దాన్ని సజాతీయ ద్విపరమాణుక అణువు అంటారు. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఏడు మూలకాలు ఇలా జంటలుగానే ఉంటాయి. హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్, క్లోరిన్ వాయువులు. బ్రోమిన్ ద్రవం. అయోడిన్ ఘనపదార్థం. రెండు పరమాణువులూ వేర్వేరు మూలకాలవైతే అది విజాతీయ ద్విపరమాణుక అణువు. కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ ఈ కోవలోవి.

పరమాణువులు ఎందుకు జతకడతాయి? ఒక హైడ్రోజన్ పరమాణువులో ఒకటే ఎలక్ట్రాన్ ఉంటుంది. రెండు హైడ్రోజన్ పరమాణువులు దగ్గరికి వచ్చినప్పుడు రెండు ఎలక్ట్రాన్లూ రెండు కేంద్రకాల మధ్య ప్రాంతాన్ని ఉమ్మడిగా పంచుకుంటాయి. ఒక్కో ఎలక్ట్రాన్‌ను ఇప్పుడు రెండు కేంద్రకాలూ ఆకర్షిస్తాయి కాబట్టి మొత్తం శక్తి తగ్గుతుంది. మరీ దగ్గరైతే కేంద్రకాలు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి. ఆకర్షణ, వికర్షణ సరితూగే దూరమే బంధ దైర్ఘ్యం. హైడ్రోజన్ అణువులో అది 74 పికోమీటర్లు. పికోమీటరు అంటే మీటరులో లక్ష కోట్లవ వంతు.

ఆ ‘రెండు’ ఎలా తెలిసింది?

అణువును చూసే సాధనాలేవీ లేని రోజుల్లోనే శాస్త్రవేత్తలు ఈ సంగతి పట్టుకున్నారు. అందుకు వారు వాడింది కొలపాత్రలు, కొంత తర్కం మాత్రమే.

ఫ్రెంచి శాస్త్రవేత్త గేలుసాక్ 1808లో వాయువులు కలిసే తీరును ప్రకటించాడు. రెండు లీటర్ల హైడ్రోజన్, ఒక లీటరు ఆక్సిజన్ కలిస్తే రెండు లీటర్ల నీటి ఆవిరి వస్తుంది. ఈ ఫలితాన్ని ఇటలీకి చెందిన అవొగాడ్రో 1811లో కొత్త కోణంలో చూశాడు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద సమాన ఘనపరిమాణాల్లో ఉన్న వాయువుల్లో కణాల సంఖ్య సమానమని అతను ప్రతిపాదించాడు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక లీటరు ఆక్సిజన్‌లో వంద కణాలున్నాయని అనుకుందాం. అప్పుడు రెండు లీటర్ల నీటి ఆవిరిలో రెండు వందల కణాలుండాలి. ప్రతి నీటి కణంలోనూ కొంత ఆక్సిజన్ ఉండి తీరాలి. వంద ఆక్సిజన్ కణాలు రెండు వందల నీటి కణాలకు సరిపోవాలంటే ప్రతి ఆక్సిజన్ కణమూ కనీసం రెండు ముక్కలు కావాలి. పరమాణువు ముక్కలు కాదు. కాబట్టి ఆక్సిజన్ కణం ఒక్క పరమాణువు కాదు, కనీసం రెండు పరమాణువుల జంట అయి ఉండాలి.

అప్పట్లో పరమాణు సిద్ధాంతానికి పెద్ద దిక్కైన డాల్టన్ దీన్ని ఒప్పుకోలేదు. ఒకే రకం పరమాణువులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి తప్ప అతుక్కోవన్నది అతని నమ్మకం. అవొగాడ్రో మాట దాదాపు అర్ధ శతాబ్దం మరుగున పడిపోయింది. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహ్‌లో జరిగిన రసాయన శాస్త్రవేత్తల మహాసభలో కానిజారో దాన్ని మళ్లీ ముందుకు తెచ్చాక పరమాణు భారాల గందరగోళం తొలగడం మొదలైంది.

బంధం ఎంత గట్టిది?

ద్విపరమాణుక అణువులో ఒకే బంధం ఉంటుంది కనుక దాని బలాన్ని నేరుగా పోల్చుకోవచ్చు. ఒక మోల్ అణువుల్లోని బంధాలన్నిటినీ తెంచడానికి కావలసిన శక్తిని బంధ శక్తి అంటారు. కొన్ని విలువలు ఇవి:

ఫ్లోరిన్: 159 కిలోజౌల్స్ (ఏకబంధం)
క్లోరిన్: 243 కిలోజౌల్స్ (ఏకబంధం)
హైడ్రోజన్: 436 కిలోజౌల్స్ (ఏకబంధం)
ఆక్సిజన్: 498 కిలోజౌల్స్ (ద్విబంధం)
నైట్రోజన్: 945 కిలోజౌల్స్ (త్రిబంధం)
కార్బన్ మోనాక్సైడ్: 1,072 కిలోజౌల్స్ (త్రిబంధం)

ఈ పట్టికను కొలిమి పక్కన పెట్టి చదివితే చాలా సంగతులు తేటపడతాయి. బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి వేడి గాలిని ఊదే గొట్టాల ముందు ఉష్ణోగ్రత 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఊదిన గాలిలో ఆక్సిజన్ అక్కడికక్కడే కోక్‌తో కలిసి మండిపోతుంది. కానీ గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా ఉన్న నైట్రోజన్ అంత మంటలోంచి కూడా దాదాపు యథాతథంగా పై నుంచి బయటికి వచ్చేస్తుంది. మూడు జతల ఎలక్ట్రాన్లతో ముడిపడిన త్రిబంధం దాని కవచం. పొలాలకు యూరియా కావాలంటే ఈ బంధాన్నే తెంచాలి. ఎరువుల కర్మాగారాల్లో ఉత్ప్రేరకం, 400 నుంచి 500 డిగ్రీల వేడి, వందల రెట్ల పీడనం అవసరమయ్యేది అందుకే.

గాలిని వేరుచేసే విద్య

ఉక్కు తయారీకి గాలి చాలదు, స్వచ్ఛమైన ఆక్సిజన్ కావాలి. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే ద్రవ ఇనుములో సుమారు 4 శాతం కార్బన్ ఉంటుంది. అది అలాగే ఉంటే లోహం పెళుసుగా ఉంటుంది. కన్వర్టర్ అనే పెద్ద పాత్రలో ఆ ద్రవ ఇనుము మీదికి ఆక్సిజన్‌ను అతివేగంగా ఊదితే కార్బన్ కార్బన్ మోనాక్సైడ్‌గా మారి వెళ్లిపోతుంది. పందొమ్మిదో శతాబ్దపు బెస్సెమర్ పద్ధతిలో గాలినే ఊదేవారు. గాలితోపాటు లోపలికి చేరిన నైట్రోజన్ కొంత లోహంలో కరిగి ఉక్కును కాలక్రమంలో పెళుసుగా మార్చేది. 1952లో ఆస్ట్రియాలోని లింజ్‌లో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఊదే పద్ధతి మొదలయ్యాక ఆ ఇబ్బంది తీరింది. లింజ్, డొనావిట్జ్ ఊళ్ల పేర్ల మీదే దాన్ని ఎల్‌డీ పద్ధతి అంటారు.

మరి గాలిలోంచి ఆక్సిజన్‌ను ఎలా వేరుచేస్తారు? గాలిని ద్రవంగా మారేదాకా చల్లబరుస్తారు. ఆ తర్వాత ఆంశిక స్వేదనం చేస్తారు. నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల వద్ద, ఆర్గాన్ మైనస్ 186 వద్ద, ఆక్సిజన్ మైనస్ 183 వద్ద మరుగుతాయి. ముందు మరిగే నైట్రోజన్ స్తంభం పైభాగానికి చేరుతుంది, ఆక్సిజన్ అడుగున ద్రవంగా నిలుస్తుంది. అణువులోని బంధం ఎంత గట్టిదైనా, ఒక అణువుకూ పక్క అణువుకూ మధ్య ఉండే ఆకర్షణ చాలా బలహీనం. మరిగేటప్పుడు తెగేది ఆ బలహీనమైన ఆకర్షణ మాత్రమే, అణువులోని బంధం కాదు. మరిగే ఉష్ణోగ్రతలు ఇంత తక్కువగా ఉండటానికి కారణం అదే.

ద్రవ ఆక్సిజన్‌కు ఒక విచిత్ర గుణముంది. లేత నీలి రంగులో ఉండే ఆ ద్రవాన్ని బలమైన అయస్కాంత ధ్రువాల మధ్య పోస్తే కింద పడకుండా అక్కడే వేలాడుతుంది. ఎలక్ట్రాన్లన్నీ జతలుగా ఉంటే ఇలా జరగదు. బడిలో గీసే చుక్కల బొమ్మ ప్రకారం ఆక్సిజన్‌లో ఎలక్ట్రాన్లన్నీ జతపడే ఉంటాయి. నిజానికి దానిలో రెండు ఎలక్ట్రాన్లు జత లేకుండా విడివిడి ఆర్బిటాళ్లలో ఉంటాయి. 1929లో లెన్నార్డ్-జోన్స్ అణు ఆర్బిటాల్ సిద్ధాంతంతో దీన్ని వివరించాడు. ఈ అయస్కాంత గుణం ఆధారంగా పనిచేసే పరికరాలతోనే ఎన్నో పరిశ్రమల్లో వాయు మిశ్రమంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో కొలుస్తారు.

2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో ఉధృతి వేళ ఉక్కు కర్మాగారాల ఆక్సిజన్ ఆస్పత్రుల దారి పట్టింది. దేశంలో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు విశాఖ ఉక్కు కర్మాగారంలో ద్రవ ఆక్సిజన్ నింపుకొని మహారాష్ట్రకు బయలుదేరింది. ద్రవరూపంలోనే ఎందుకు? ఒక లీటరు ద్రవ ఆక్సిజన్ గది ఉష్ణోగ్రతలో సుమారు 860 లీటర్ల వాయువు అవుతుంది. ఒక్క ట్యాంకర్‌లో ఎంత ఊపిరి పడుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

కొలిమిలో పనిమంతుడు

ముడి ఇనుము అంటే ప్రధానంగా ఇనుము, ఆక్సిజన్ కలిసిన ఆక్సైడ్. భిలాయ్‌కి అది దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుంది. ఇనుమును పొందాలంటే ఆక్సిజన్‌ను ఊడదీయాలి. ఆ పనిలో ఎక్కువ భాగం చేసేది కార్బన్ మోనాక్సైడ్.

ఇది మూడు అంచెల్లో జరుగుతుంది. కోక్‌లోని కార్బన్ ఆక్సిజన్‌తో మండి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ కార్బన్ డయాక్సైడ్ అణువు ఎర్రగా కాలుతున్న మరో కార్బన్ పరమాణువును తాకి రెండు కార్బన్ మోనాక్సైడ్ అణువులుగా మారుతుంది. ఇవి పైకి లేస్తూ, పై నుంచి కిందికి దిగుతున్న ముడి ఇనుములోని ఆక్సిజన్‌ను లాక్కొని తిరిగి కార్బన్ డయాక్సైడ్ అవుతాయి. ఒక ఐరన్ ఆక్సైడ్ ప్రమాణానికి మూడు కార్బన్ మోనాక్సైడ్ అణువులు ఖర్చై రెండు ఇనుప పరమాణువులు విడుదలవుతాయి.

అయితే లోపలి కార్బన్ మోనాక్సైడ్ అంతా ఖర్చు కాదు. కొలిమి పై నుంచి వచ్చే వాయువులో అది సుమారు 20 నుంచి 25 శాతం వరకు మిగిలే ఉంటుంది. అది మండే వాయువు కాబట్టి దుమ్ము తీసి శుభ్రపరిచి, గొట్టాల ద్వారా కర్మాగారంలోని ఇతర పొయ్యిలకు ఇంధనంగా పంపుతారు. ప్రమాదం పొంచి ఉండేది ఈ గొట్టాల్లోనే.

28కి 28: ఒకేలా కనిపించే కవలలు

నైట్రోజన్ అణువు భారం 28. కార్బన్ మోనాక్సైడ్ అణువు భారం కూడా 28. నైట్రోజన్‌లో ఏడూ ఏడూ కలిపి 14 ఎలక్ట్రాన్లు. కార్బన్ మోనాక్సైడ్‌లో ఆరూ ఎనిమిదీ కలిపి అవీ 14 ఎలక్ట్రాన్లే. రెండింటిలోనూ త్రిబంధమే. ఒకదాని బంధ దైర్ఘ్యం 110 పికోమీటర్లు, రెండోదానిది 113. ఒకటి మైనస్ 196 వద్ద మరుగుతుంది, రెండోది సుమారు మైనస్ 191 వద్ద. ఇలా ఎలక్ట్రాన్ల సంఖ్య సమానంగా ఉండే అణువులను సమ ఎలక్ట్రానిక అణువులు అంటారు.

గాలి సగటు భారం సుమారు 29. కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ గాలి కంటే స్పష్టంగా పైకి తేలిపోదు, నేలబారుగా కిందికీ దిగదు. గాలిలో గాలిలా కలిసిపోతుంది. చూడలేం, వాసన పట్టలేం, దగ్గు రాదు, కళ్లు మండవు.

తేడా అంతా సౌష్ఠవంలో ఉంది. నైట్రోజన్‌లో రెండు కొసలూ ఒకటే. కార్బన్ మోనాక్సైడ్‌లో ఒక కొస కార్బన్, రెండో కొస ఆక్సిజన్. కార్బన్ కొసన ఉన్న ఒంటరి ఎలక్ట్రాన్ జంట లోహ పరమాణువును పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. పట్టుకున్నాక లోహం కూడా తన ఎలక్ట్రాన్లలో కొంత భాగాన్ని ఆ అణువు వైపు మళ్లిస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరుగుతుంది కనుక ఆ పట్టు అంత సులువుగా వదలదు.

ఈ అసమానతే మనిషికి ఒక ఉపకారమూ చేస్తుంది. అణువులోని రెండు పరమాణువులు స్ప్రింగుకు కట్టిన రెండు బంతుల్లా నిత్యం కంపిస్తూ ఉంటాయి. నైట్రోజన్, ఆక్సిజన్‌లలో రెండు కొసలూ ఒకటే కాబట్టి కంపించినా విద్యుదావేశం అటూ ఇటూ ఊగదు. అందువల్ల అవి పరారుణ కాంతిని పీల్చుకోవు. గాలిలో 99 శాతం ఉన్నా ఈ రెండూ భూమి వేడిని పట్టి ఉంచే వాయువుల జాబితాలో లేకపోవడానికి కారణం ఇదే. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం కంపించేటప్పుడు 4.6 మైక్రోమీటర్ల దగ్గర పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. కర్మాగారాల్లోని వాయు విశ్లేషణ యంత్రాలు ఈ గుర్తును పట్టుకొనే కవలల్లో ఎవరెవరో చెబుతాయి. కార్మికులు చొక్కాకు తగిలించుకొనే చిన్న మానిటర్లలో సాధారణంగా విద్యుత్ రసాయన సెన్సర్ ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ అక్కడ ఆక్సీకరణం చెందినప్పుడు పుట్టే అతి చిన్న విద్యుత్ ప్రవాహాన్ని అది కొలుస్తుంది.

కొలిమిలోని ఇనుము, రక్తంలోని ఇనుము

రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ నడిబొడ్డున ఉన్నదీ ఇనుమే. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ అణువు ఆ ఇనుము మీద వదులుగా కూర్చుంటుంది, కణజాలం చేరగానే దిగిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ అదే ఆసనాన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది.

దీని అర్థమేమిటో చిన్న లెక్కతో చూడవచ్చు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. దాన్ని 210తో భాగిస్తే 0.1 శాతం. అంటే గాలిలో వెయ్యికి ఒక వంతు కార్బన్ మోనాక్సైడ్ ఉన్న చోట చాలాసేపు గడిపితే, రక్తంలోని హీమోగ్లోబిన్‌లో దాదాపు సగం దాని వశమవుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ వాయువులో అది ఇంతకు 200 రెట్లకు పైగా ఉంటుంది. గొట్టం ఎక్కడైనా కారితే మనిషికి ఆలోచించే వ్యవధి కూడా ఉండకపోవచ్చు.

2014 జూన్ 12న భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పంపుహౌస్ వద్ద విషవాయువు వెలువడి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. వారిలో సీనియర్ అధికారులూ ఉన్నారు. అనుభవం, హోదా, ధైర్యం ఏవీ ఈ అణువును గుర్తుపట్టలేవు. గుర్తుపట్టగలిగేది పరికరమే. బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ 1896లోనే బొగ్గుగనుల ప్రమాదాల్లో అధిక మరణాలకు మంట కంటే ఈ వాయువే కారణమని చూపి, గనిలోకి చిన్న ప్రాణులను వెంట తీసుకెళ్లమని సూచించాడు. ఆ తర్వాత కెనరీ పిట్టలు దశాబ్దాలపాటు గని కార్మికులకు ముందస్తు హెచ్చరికగా నిలిచాయి.

విరుగుడు కూడా ఇంకో ద్విపరమాణుక అణువే. ఒకే ఆసనం కోసం రెండు అణువులు పోటీ పడుతున్నప్పుడు, రెండోదాని సంఖ్యను బాగా పెంచితే మొదటిది క్రమంగా దిగిపోతుంది. మామూలు గాలి పీలిస్తే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి సుమారు నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కు ద్వారా స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు. అధిక పీడనం ఉన్న గదిలో ఆక్సిజన్ ఇస్తే అరగంటలోపే తగ్గుతుంది.

ఇది కర్మాగారం గోడల లోపలి సంగతి మాత్రమే కాదు. చలికాలంలో గది తలుపులన్నీ మూసుకొని బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకున్నా, గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజర్ వెలిగించినా, మూసిన షెడ్డులో జనరేటర్ నడిపినా పుట్టేది ఈ అణువే. తెలుసుకోవలసిన విషయాలు కొన్ని:

ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, తల తిరగడం, వికారం వస్తే అనుమానించాలి. వెంటనే బయటికి వచ్చి 108కి ఫోన్ చేయాలి.

గుడ్డ మాస్కు, దుమ్ము ఆపే మాస్కు దీన్ని ఆపలేవు. దుమ్ము రేణువుతో పోలిస్తే అణువు అతి సూక్ష్మం.

వేలికి తగిలించే మామూలు పల్స్ ఆక్సీమీటర్‌ను నమ్మరాదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ ఉన్నదిగానే లెక్కిస్తుంది. 98 చూపిస్తున్నా మనిషి ప్రమాదంలో ఉండవచ్చు.

గుంతలోనో, ట్యాంకులోనో ఒకరు పడిపోతే శ్వాస పరికరం లేకుండా రెండోవారు దిగరాదు. రక్షించబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఇలాంటి ప్రమాదాల్లో తరచుగా కనిపిస్తారు.

కవలల్లో మంచిదైన నైట్రోజన్ విషయంలోనూ ఏమరుపాటు తగదు. మండే వాయువును గొట్టాల్లోంచి వెళ్లగొట్టడానికి నైట్రోజన్ నింపుతారు. అది విషం కాదు. కానీ అది నిండిన చోట ఆక్సిజన్ ఉండదు. లోపలికి వెళ్లినవారు ఉక్కిరిబిక్కిరి కాకుండానే స్పృహ తప్పుతారు. ఎందుకంటే ఊపిరాడని బాధను ఎక్కువగా కలిగించేది శరీరంలో పేరుకొనే కార్బన్ డయాక్సైడ్. నైట్రోజన్ పీల్చినా అది మామూలుగానే బయటికి పోతూ ఉంటుంది.

పట్టాలో దాగే హైడ్రోజన్

భిలాయ్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది రైలు పట్టాలు. ఇక్కడ 260 మీటర్ల పొడవైన పట్టాలు కూడా తయారవుతాయి. అలాంటి పట్టాకు అతి చిన్న శత్రువు హైడ్రోజన్. తడిసిన తుక్కు ఇనుము, తేమ పట్టిన సున్నం, మిశ్రలోహపు ముక్కలు, ఇటుకల పూత, వీటిలోని నీటి నుంచి అది ద్రవ ఉక్కులోకి చేరుతుంది.

ఇక్కడ ఒక అందమైన రసాయన సూత్రం ఉంది. ద్రవ ఇనుములోకి హైడ్రోజన్ అణువుగా వెళ్లదు, రెండు పరమాణువులుగా విడిపోయి కరుగుతుంది. ఉపరితలం మీద అణువులు విడిపోయే వేగం వాయు పీడనం మీద ఆధారపడుతుంది. తిరిగి అణువు కావాలంటే రెండు పరమాణువులు కలవాలి కాబట్టి ఆ వేగం గాఢత వర్గం మీద ఆధారపడుతుంది. రెండు వేగాలూ సమానమైనప్పుడు, కరిగిన హైడ్రోజన్ పీడనపు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. దీన్ని జర్మన్ రసాయన శాస్త్రవేత్త సీవర్ట్స్ పేరుతో సీవర్ట్స్ నియమం అంటారు. ఆ వర్గమూలంలోని ‘రెండు’ అణువులోని రెండు పరమాణువులదే. గేలుసాక్ కొలపాత్రలో చూసిన రెండే ఇక్కడ ఉక్కు పాత్రలో మళ్లీ కనబడుతుంది.

దీని ఆచరణ ఫలితం చిన్నది కాదు. 1,600 డిగ్రీల వద్ద, ఒక వాతావరణ పీడనం గల హైడ్రోజన్ కింద ద్రవ ఇనుములో సుమారు 25 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 25 భాగాల హైడ్రోజన్ కరుగుతుంది. పట్టాల కోసం పోసే ద్రవ ఉక్కులో అది 1.6 పీపీఎం మించరాదని భారతీయ రైల్వే ప్రమాణం చెబుతోంది. అంటే టన్ను ఉక్కులో 1.6 గ్రాములు. హైడ్రోజన్ అణువుగానే కరిగే పనైతే పీడనాన్ని 16వ వంతుకు తగ్గిస్తే చాలేది. కానీ వర్గమూల నియమం వల్ల 16ను 16తో గుణించినంత, అంటే సుమారు 240 నుంచి 250వ వంతుకు దించాలి. అందుకే ద్రవ ఉక్కును శూన్య గదిలోకి లాగి, వాతావరణ పీడనంలో వెయ్యో వంతు వరకు తగ్గించి వాయువులను తీసేస్తారు. వెయ్యో వంతు వద్ద సమతాస్థితి విలువ 0.8 పీపీఎం దగ్గరికి వస్తుంది.

ఇంత జాగ్రత్త ఎందుకు? ఉక్కు గట్టిపడి చల్లారే కొద్దీ హైడ్రోజన్‌ను కరిగించుకొనే శక్తి తగ్గుతుంది. ఒంటరి హైడ్రోజన్ పరమాణువు అతి చిన్నది, ఇనుప పరమాణువుల సందుల్లోంచి జారుతూ పోతుంది. ఏ చిన్న ఖాళీలోనో మరో హైడ్రోజన్ పరమాణువు తగిలితే రెండూ జతకడతాయి. జతకట్టిన అణువు ఇక ఆ సందుల్లో పట్టదు, అక్కడే చిక్కుకుంటుంది. ఇలా పేరుకున్న అణువుల పీడనంతో ఉక్కు లోపల వెంట్రుక సన్నటి పగుళ్లు పుడతాయి. పైకి పట్టా నిగనిగలాడుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి చక్రాలు దొర్లాక ఆ పగులు పెరిగి పట్టా విరిగే ప్రమాదముంది. శూన్య పద్ధతి రాకముందు పట్టాలను గుంతల్లో పెట్టి నిదానంగా చల్లార్చి, పరమాణువులు జతకట్టకముందే బయటికి పోయేందుకు సమయం ఇచ్చేవారు.

రేపటి కొలిమి

ఇదే హైడ్రోజన్ రేపు ఉక్కు పరిశ్రమకు ఆప్తమిత్రుడు కావచ్చు. ముడి ఇనుములోని ఆక్సిజన్‌ను కార్బన్ మోనాక్సైడ్ లాక్కుంటే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. హైడ్రోజన్ లాక్కుంటే వచ్చేది నీటి ఆవిరి. లెక్క ప్రకారం టన్ను ఇనుముకు కనీసం 54 కిలోల హైడ్రోజన్ చాలు. కేంద్ర మంత్రివర్గం 2023 జనవరి 4న 19,744 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌లో ఉక్కు రంగంలో ప్రయోగాత్మక ప్రాజెక్టులకూ చోటుంది.

చిక్కులు మాత్రం తక్కువేమీ కావు. హైడ్రోజన్‌తో జరిగే క్షయకరణ చర్య వేడిని పీల్చుకుంటుంది కాబట్టి బయటి నుంచి వేడి అందించాలి. నీటి నుంచి హైడ్రోజన్‌ను విడదీయడానికి బోలెడంత విద్యుత్తు కావాలి. అది మైనస్ 253 డిగ్రీల వద్ద గాని మరగదు కనుక ద్రవంగా నిల్వ చేయడమూ ఖరీదే. పైగా అది లోహంలోకి దూరి పెళుసుతనం తెస్తుంది కాబట్టి గొట్టాల ఎంపికలోనూ మెళకువ అవసరం.

మొదట వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. రెండు పరమాణువులే ఉన్నా, ఆ రెండూ ఎంత గట్టిగా పట్టుకున్నాయి, ఎలక్ట్రాన్లు జతపడ్డాయా లేదా, రెండు కొసలూ ఒకటేనా కాదా అన్న మూడు సంగతులే అణువు స్వభావాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి. మొదటిది నైట్రోజన్‌ను మంటలోనూ చెక్కుచెదరకుండా ఉంచింది. రెండోది ఆక్సిజన్‌కు అయస్కాంత గుణమిచ్చింది. మూడోది నైట్రోజన్‌కు కవలలాంటి కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిమిలో పనిమంతుడిగా, రక్తంలో విషంగా మార్చింది. స్మృతి నగర్ వాకిట్లో పీల్చే గాలిలోనూ, మూసిన గదిలోని కుంపటి పొగలోనూ ఉండేవి రెండు పరమాణువుల జంటలే. ఏది ఏదో ముక్కు చెప్పలేదు. గది కిటికీ కాస్త తెరిచి ఉంచడం, కర్మాగారంలో మానిటర్ తగిలించుకోకుండా అడుగు పెట్టకపోవడం, ఈ పాఠం నేర్పే తొలి అలవాట్లు.